మన రాతకు ప్రేరణ ఏది, ప్రయోజనం ఏది?

గుంటూరు జిల్లాలో ఒక హాస్టల్లో కొందరు విద్యార్థులతో కూర్చుని సాహిత్యం గురించి మాట్లాడుతున్నప్పుడు ఒక డిగ్రీ కుర్రాడు తన కవితల నోటుబుక్కు చేతికిచ్చాడు. నిండా రక్త సిందూరాలు, అరుణోదయాలు, పిడికిళ్లు. చదివాక అడిగాను, "మీ అమ్మ ఏం పని చేసిద్ది?"

"మిరపకాయల కోతకు పోద్ది సార్."

"సాయంత్రం ఇంటికొచ్చాక ఏం చేసిద్ది?"

"చేతులు మండిపోతా ఉంటయ్ సార్. మజ్జిగలో ముంచుకుంటది, నూనె రాసుకుంటది. మా చెల్లి చిన్నప్పుడు ఏడుస్తున్నా వెంటనే ఎత్తుకునేది కాదు. మంట తగ్గినాక ఎత్తుకునేది."

"మరి ఇది నోటుబుక్కులో లేదేం?"

ఆ కుర్రాడు కాసేపు ఆలోచించి అన్నాడు: "ఇది కవిత్వమా సార్?"

ఈ వ్యాసం ఆ ప్రశ్నకు జవాబు చెప్పే ప్రయత్నం. బిడ్డ ఏడుస్తుంటే చేతులు మండుతున్న తల్లి ఎత్తుకోలేక నిలబడటం కవిత్వం కాదని ఆ కుర్రాడికి ఎవరు నేర్పారు? పనిగట్టుకుని ఎవరూ చెప్పి ఉండరు. పాఠ్యపుస్తకం, తరగతి గది, సభల్లో వినే ఉపన్యాసం, మన సొంత పత్రికలు కూడా కలిసి నేర్పాయి. మన పిల్లలు రాయలేకపోవడానికి ప్రతిభ లేకపోవడం కారణం కాదు. తమ దగ్గర ఉన్నది రాయదగ్గదే అన్న నమ్మకం లేకపోవడం కారణం.

పాత జవాబు

కావ్యం ఎందువల్ల పుడుతుంది, ఎందుకు పనికొస్తుంది అన్న ప్రశ్నలు కొత్తవి కావు. అలంకార శాస్త్రం వీటికి కావ్యహేతువు, కావ్యప్రయోజనం అని పేర్లు పెట్టింది. 11వ శతాబ్దపు కాశ్మీర పండితుడు మమ్మటుడు 'కావ్యప్రకాశం'లో మూడు హేతువులు చెప్పాడు. పుట్టుకతో వచ్చే శక్తి ఒకటి. లోకాన్ని, శాస్త్రాలను, కావ్యాలను పరిశీలించడం వల్ల వచ్చే నిపుణత రెండోది. కావ్యం తెలిసినవాళ్ల దగ్గర చేసే అభ్యాసం మూడోది. ప్రయోజనాలు ఆరు: కీర్తి, ధనం, లోకవ్యవహార జ్ఞానం, కీడు తొలగడం, వెంటనే కలిగే ఆనందం, ప్రియురాలి మాటలా మెత్తగా చేసే హితబోధ. తెలుగు ఎం.ఏ. చదివిన ప్రతివాళ్లూ ఈ జాబితా పరీక్షలో రాసే ఉంటారు.

దీన్ని తీసి అవతల పారేయమని నేననడం లేదు. మన కాళ్ల మీద నిలబడి చదవమంటున్నాను. శక్తి ఎవరికైనా ఉంటుంది, సరే. శాస్త్రం వినే హక్కే లేనివాడికి నిపుణత ఎక్కడిది? కావ్యం తెలిసినవాడి అరుగు ఎక్కనివ్వనప్పుడు అభ్యాసం ఎవరి దగ్గర? ప్రయోజనాల సంగతీ అంతే. కీర్తి, ధనం రాజసభ గుమ్మం దాటి లోపలికి పోగలిగినవాడికి సంబంధించినవి. హితబోధ మెత్తగా ఉండాలనేది, వినేవాడు తనకంటే పైవాడైనప్పుడు చెప్పేవాడు పాటించాల్సిన మర్యాద. ఈ జాబితాలో అవమానం హేతువుగా లేదు. ఆత్మగౌరవం ప్రయోజనంగా లేదు. ఆ రెండింటినీ తెలుగు సాహిత్యంలోకి తెచ్చినవాడు ఈ నేల మనిషే.

ఇద్దరు గురువులు

గుర్రం జాషువ 1895 సెప్టెంబరు 28న వినుకొండలో పుట్టాడు. ఆ ఊరు అప్పటి గుంటూరు జిల్లాలోది, 2022 నుంచి పల్నాడు జిల్లాలో ఉంది. తండ్రి యాదవ కులం నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాడు, తల్లి మాదిగ. చర్చి బడిలో పంతులుగా పనిచేశాడు. మూకీ సినిమాల రోజుల్లో రాజమండ్రిలో తెర పక్కన నిలబడి కథ వినిపించే పని కూడా చేశాడు. హిందూ పండితులు ఆయనలో అంటరానివాణ్ణి చూశారు. క్రైస్తవ పెద్దలు హిందూ పురాణాల మీద మనసుపడ్డవాణ్ణి చూశారు. రెండు గుమ్మాల దగ్గరా ఆగిపోయిన మనిషి ఆయన.

తనకు ఇద్దరు గురువులని జాషువ చెప్పుకున్నాడు. ఒకరు పేదరికం, మరొకరు కులమత భేదం. మొదటిది ఓర్పు నేర్పింది, రెండోది ఎదిరించే శక్తినిచ్చింది తప్ప బానిసను చెయ్యలేదన్నది ఆయన మాటల సారాంశం. దీన్ని మనం సభల్లో ఒక మంచి మాటగా చెప్పి వదిలేస్తుంటాం. నిజానికి అది కావ్యహేతువుకు కొత్త నిర్వచనం. అరుగు ఎక్కనివ్వనివాడు, ఎక్కనివ్వకపోవడాన్నే గురువుగా పెట్టుకున్నాడు.

అయితే అవమానం దానంతటది కవిత్వం కాదు. అట్లా అయితే ఈ దేశంలో కవులు కాని దళితులు ఉండకూడదు. అవమానం కవిత్వంగా ఎట్లా మారుతుందో 1941లో వచ్చిన 'గబ్బిలం'లో చూడొచ్చు. కాళిదాసు 'మేఘసందేశం'లో యక్షుడు మేఘంతో కబురు పంపుతాడు. జాషువ కావ్యంలో కబురు పంపేది ఒక అంటరాని పేదవాడు. అందుకోవాల్సింది కాశీ విశ్వనాథుడు. మోసుకెళ్లేది గబ్బిలం. గబ్బిలమే ఎందుకు? నాయకుడికి గుడి ప్రవేశం లేదు. గబ్బిలం గుడి చూరులోనే వేలాడుతుంది, దాన్ని ఏ పూజారీ కులం అడగడు. అపశకునంగా చూసే ఆ జీవికి దేవుడి చెవి దాకా దారి ఉంది, మనిషికి లేదు. ఈ ఒక్క ఎంపికతో అస్పృశ్యత ఎంత అసంబద్ధమైనదో తేలిపోయింది, ఇక ఉపన్యాసం అక్కర్లేకపోయింది. పాఠకుడు అప్పటిదాకా రోజూ చూస్తూ కూడా చూడని ఒక సంగతిని కవి పట్టుకున్నాడు. ప్రేరణ అంటే ఇదే.

పద్యాన్ని ఎంచుకోవడం కూడా అట్లాంటిదే. పద్యం అగ్రవర్ణాల సొత్తని, జాషువ దాన్ని వదల్లేకపోయాడని 1990లలో కొందరు దళిత విమర్శకులే అన్నారు. ఆ విమర్శలో కొంత నిజముంది. కానీ నీకు పద్యం రాదు అన్నవాడి ముందు పద్యమే చెప్పి నిలబడటం ఆ కాలానికి ఒక తిరుగుబాటు. చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి స్వయంగా జాషువ కాలికి గండపెండేరం తొడిగాడు. 1964లో 'క్రీస్తు చరిత్ర'కు సాహిత్య అకాడమీ అవార్డు, 1970లో పద్మభూషణ్ వచ్చాయి. మమ్మటుడు చెప్పిన కీర్తి దక్కింది. అయినా ఆ కీర్తి వాడల్లో బతికే వాళ్ల దాకా రాలేదు. కారంచేడు, చుండూరు ఈ ప్రాంతంలోనే జరిగాయి.

మన గురించి వాళ్లు, మన గురించి మనం

జాషువ కంటే ముందే ఈ జిల్లా నుంచి ఉన్నవ లక్ష్మీనారాయణ జైల్లో కూర్చుని 'మాలపల్లి' రాశాడు. 1922లో వెలువడిన ఆ నవలను మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. మాల కుటుంబాన్ని నవల మధ్యలో నిలబెట్టడం అప్పటికి పెద్ద సాహసం. ఆ మాట ఒప్పుకుని తీరాలి. కానీ అందులో మాలపల్లిని చూసే కళ్లు బయటి నుంచి వచ్చినవి. ప్రేమతో చూసిన కళ్లే కావచ్చు. ప్రేమగల చుట్టం మన ఇంటిని చూడటం వేరు, ఇంట్లో పుట్టినవాడు చూడటం వేరు. చుట్టానికి చిల్లులున్న కప్పు కనిపిస్తుంది. ఇంటివాడికి వానొస్తే ఏ చిల్లు కింద ఏ గిన్నె పెట్టాలో తెలుసు.

ఇంటివాడి చేతికి అక్షరం ఎప్పుడొచ్చింది? ఒంగోలు ప్రాంతంలో దానికొక చరిత్ర ఉంది. 1866లో తాళ్లకొండపాడు మాదిగ యర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం తీసుకున్నాడు. 1876-78 కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్నవాళ్లకు పని ఇప్పించాడు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగలు. దీన్ని మతం మార్పిడిగా చూసి ఊరుకునేవాళ్లున్నారు. మన దృష్టిలో ఇది బడి చరిత్ర కూడా. చర్చి వెంట బడి వచ్చింది. వాడలో చాలా ఇళ్లకు మొదట వచ్చిన పుస్తకం బైబిలు. ఇక్కడి దళిత కవుల వాక్యంలో ప్రార్థన లయ, కీర్తన పలుకు వినిపించడానికి కారణం అదే. నరసరావుపేట కవి మద్దూరి నగేష్‌బాబు తన కవితా సంపుటికి 'నరలోక ప్రార్థన' అని పేరు పెడితే, చర్చిలో పెరిగిన ప్రతివాడికీ ఆ పేరులోని ఎత్తిపొడుపు తెలిసిపోతుంది.

అక్షరానికి ముందు మనకు ఏమీ లేదనుకోవడం కూడా తప్పే. పాట ఉంది, డప్పు ఉంది, వీధి భాగోతం ఉంది. ప్రకాశం జిల్లాకు చెందిన జి. కళ్యాణరావు 2000లో వచ్చిన 'అంటరాని వసంతం' నవలలో దీన్నే కథగా చేశాడు. తరతరాల దళిత కుటుంబం కథ అది. అందులో ఎల్లన్న పాటలు కట్టే మనిషి. సాహిత్య చరిత్రల్లో అట్లాంటివాళ్ల పేర్లు ఎందుకు లేవన్న ప్రశ్న నవల పొడుగునా ఉంటుంది. మన తాతలు అక్షరం లేని కవులు. మనం మొదటి తరం రాతగాళ్లం కావచ్చు గానీ మొదటి తరం కవులం కాదు. రాయబోయే కుర్రాడికి ఈ మాట తెలియాలి. ఖాళీలోంచి మొదలుపెడుతున్నానన్న భయం దీంతో సగం పోతుంది.

కారంచేడు తర్వాత

1985 జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. ముందురోజు గొడవ మంచినీళ్ల చెరువు దగ్గర మొదలైంది. తాగే నీళ్ల దగ్గర గేదెలను కడగడం వద్దన్నందుకు కొట్టబోతే ఒక మాదిగ స్త్రీ చేతిలో ఉన్న బిందె ఎత్తింది. బతికినవాళ్లు చీరాల చేరి, శిబిరంలో ఉండి, అక్కడే స్థిరపడ్డారు. దళిత మహాసభ ఆ ఉద్యమంలోంచే వచ్చింది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను నరికి చంపారు.

ఈ రెండు ఘటనలు తెలుగు కవిత్వాన్ని ఎట్లా మార్చాయి? అంతకుముందు అభ్యుదయ, విప్లవ కవిత్వంలో దళితుడు ఉన్నాడు, కానీ కూలీగా, రైతుకూలీగా, పీడితుడుగా ఉన్నాడు. కారంచేడులో చంపినవాళ్లు కూలీ రేటు అడిగి చంపలేదు. వాడ మీదికి కులంగా వచ్చి పడ్డారు. అప్పుడు కవి కులం పేరెత్తి రాయక తప్పలేదు. అప్పటిదాకా దాచుకున్న పేరు కవితకు సంతకమైంది. త్రిపురనేని శ్రీనివాస్, జి. లక్ష్మీనరసయ్య సంపాదకత్వంలో 1995లో వచ్చిన 'చిక్కనవుతున్న పాట', 1996లో వచ్చిన 'పదునెక్కిన పాట' ఈ మార్పును ఒకచోట చేర్చి చూపాయి. నగేష్‌బాబు 'వెలివాడ', 'రచ్చబండ' ఆ దశాబ్దంలోవే. కృష్ణా జిల్లా కంచికచర్ల నుంచి వచ్చి 2013లో ఒంగోలులో కన్నుమూసిన కలేకూరి ప్రసాద్, కవిత్వం అడగాల్సింది జాలి కాదు, ఆత్మగౌరవమని తన రాత పొడుగునా నిలబడ్డాడు. మమ్మటుడి జాబితాలో లేని ప్రయోజనం ఇక్కడ పేరుతో సహా వచ్చి చేరింది.

ఈ కవిత్వం మీద అప్పట్లో వచ్చిన పెద్ద అభ్యంతరం భాష గురించి. బూతు అన్నారు, మోటు అన్నారు. ఇక్కడొక విచిత్రం గమనించాలి. ఇవాళ పత్రికల్లో, పాఠాల్లో ప్రమాణ భాషగా చలామణీ అవుతున్నది కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల చదువుకున్నవాళ్ల మాట. గిడుగు రామమూర్తి వాడుక భాష కోసం పోరాడినా ఆయన అన్నది శిష్ట వ్యావహారికం. శిష్టులెవరో మనకు తెలుసు. తెలంగాణ, రాయలసీమ రచయితలు మా యాసను చిన్నచూపు చూస్తున్నారని అన్నప్పుడు అందరికీ అర్థమైంది. గుంటూరు దళితుడి సంగతి వేరు. ప్రమాణ భాష పుట్టిన జిల్లాలోనే పుట్టాడు, కానీ అతని మాట ప్రమాణం కాదు. ఊళ్లో మాట పుస్తకంలోకి ఎక్కింది, వాడలో మాట బయటే ఉండిపోయింది. అందుకే మన పిల్లవాడు పెన్ను పట్టుకోగానే అమ్మ మాట వదిలేసి పంతులు మాట రాస్తాడు. అమ్మ మాట వదిలేస్తే, అమ్మ చేతుల మంట కూడా దాంతోపాటే పోతుంది.

లోపలి గొంతులు

'దళిత' అన్న మాట కూడా అన్నీ చెప్పదు. 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో దండోరా మొదలయ్యాక, దళిత అన్న గొడుగు కింద మాదిగ గొంతు ఎంత వినబడుతోందన్న ప్రశ్న సాహిత్యంలోకీ వచ్చింది. ఎండ్లూరి సుధాకర్ 1999లో తెచ్చిన 'మల్లెమొగ్గల గొడుగు' మాదిగ కథలు అని పేరు పెట్టుకుని వచ్చిన పుస్తకం. అందులో దుఃఖం ఒక్కటే కాదు, నవ్వు, చెప్పు కుట్టే పనిలోని నేర్పు, చుట్టరికాలు ఉన్నాయి. వాడ అంటే హత్యాస్థలం మాత్రమే కాదని, మనుషులు బతికే చోటని చూపడం కూడా రచనకు ప్రయోజనమే.

స్త్రీల గొంతు ఇంకా ఆలస్యంగా వినబడింది. పత్తి తీసేదీ, మిరపకాయ కోసేదీ, కల్లాల్లో ఎండబోసేదీ, తొడిమలు తీసేదీ ఎక్కువగా వాళ్లే. పాట కట్టేదీ వాళ్లే. పుస్తకం మీద పేరు మాత్రం మగవాడిది. 2003లో గోగు శ్యామల సంపాదకత్వంలో వచ్చిన 'నల్లపొద్దు' 1921 నుంచి దళిత స్త్రీలు రాసినవాటిని చేర్చి ఈ లోటు చూపింది. గుంటూరు జిల్లా నుంచి చల్లపల్లి స్వరూపరాణి 'మంకెనపువ్వు' తెచ్చింది. ఎం.ఎం. వినోదిని 'దాహం' నాటకం నీళ్ల చుట్టూ తిరుగుతుంది. కారంచేడులో బిందె ఎత్తింది స్త్రీ అని గుర్తుంటే, నీళ్ల మీద నాటకం స్త్రీ కలం నుంచి రావడం యాదృచ్ఛికం అనుకోలేం.

రాయడం మొదలుపెట్టేవాళ్లకు

ఇక ఆచరణ. విద్యార్థులు, టీచర్లు, కార్యకర్తలు అడిగే ప్రశ్నలకు అనుభవంలోంచి నాలుగు మాటలు.

ఒకటి, పని పేరు రాయండి. 'శ్రమ' అని రాస్తే ఎవరి శ్రమో తెలియదు. మిరపకోతలో ఎండు ఘాటుకు తుమ్ములు ఆగవు. ముఖానికి కొంగు బిగించి కోస్తారు. పత్తి తీసేటప్పుడు కాయ పెచ్చుల మొనలు వేళ్లను గీరుతాయి. గుంటూరు యార్డులో టిక్కీలు మోసే హమాలీ వీపు ఘాటుకు మండుతుంది. కర్నూలు వైపు నుంచి కోతలకు పిల్లాజెల్లాతో వలసొచ్చే కుటుంబాల పిల్లలకు ఆ నెలల్లో బడి ఉండదు. ఈ సంగతుల్లో ప్రతిదానికీ మన వాడల్లో ఒక మాట ఉంది. ఆ మాటనే వాడండి. నిఘంటువులో లేకపోతే లోపం నిఘంటువుది.

రెండు, నినాదం ఊరేగింపులో బాగుంటుంది. కవితలోకి వచ్చేసరికి అది పాఠకుడికి ముందే తెలిసిన జవాబు. తెలిసిన జవాబు చెప్పడానికి కవిత అక్కర్లేదు. మీరు చూసిన ఒక్క సంగతి చెప్పండి, జవాబు చదివేవాడికి వదలండి. జాషువ గబ్బిలాన్ని పంపాడు, కరపత్రాన్ని కాదు.

మూడు, రాసింది వాడలో చదివి వినిపించండి. అమ్మకు, మేనత్తకు, తాతకు. వాళ్లు "అట్ట కాదురా, అప్పుడు జరిగింది ఇట్ట" అంటే దిద్దుకోండి. కావ్యం తెలిసినవాళ్ల దగ్గర అభ్యాసం చెయ్యమన్నారు పెద్దలు. మన కావ్యం తెలిసినవాళ్లు వీళ్లు.

నాలుగు, చదవండి. అగ్రవర్ణాల సాహిత్యమని నన్నయనో, గురజాడనో వదిలేస్తే నష్టం మనకే. కాళిదాసును చదవకపోతే జాషువ 'గబ్బిలం' రాయగలిగేవాడు కాదు. మరాఠీ దళిత రచయితలను, అమెరికా నల్లజాతి రచయితలను చదవండి. వాళ్ల ఊరి వెలి వేరు, మన ఊరి వెలి వేరు, కానీ వెలిని కథగా మలిచే పద్ధతి నేర్చుకోవచ్చు.

టీచర్లకు ఒక మనవి. పిల్లవాడి రాతలో వాడ మాట కనబడితే ఎర్ర సిరాతో కొట్టెయ్యకండి. ఆ గీత మాట మీద పడినట్టే ఉంటుంది గానీ ఇంటి మీద పడుతుంది.

ఎందుకోసం?

చివరికి ప్రయోజనం. రాస్తే ఏమొస్తుంది అని కార్యకర్తలు కోపంగా అడుగుతారు. న్యాయమైన కోపం. కారంచేడు కేసు సుప్రీంకోర్టులో తేలేసరికి 2008 వచ్చింది, 23 ఏళ్లు. చుండూరు కోసం ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. 2007 జులై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ నిర్దోషులుగా వదిలేసింది. ఎనిమిది మంది చచ్చిపోయారు, చంపినవాళ్లు ఎవరూ లేరు. ఇదీ కాగితం మీద మిగిలింది.

కవిత ఆ తీర్పును మార్చలేదు. రాత ఉద్యమానికి బదులు కాదు, కోర్టుకూ బదులు కాదు. అట్లా భ్రమపడితే అవార్డుల దగ్గర ఆగిపోతాం. కానీ అధికారిక కాగితం 'ఎవరూ చంపలేదు' అన్నప్పుడు, చచ్చిపోయినవాళ్లు ఉన్నారని, వాళ్లకు పేర్లున్నాయని, ఆ సాయంత్రం వాడలో పొయ్యి వెలగలేదని చెప్పే రెండో కాగితం ఒకటి ఉండాలి. ఆ కాగితం మనం రాయకపోతే ఎవరూ రాయరు. రేపు ఈ నేల చరిత్ర రాసేవాడికి యార్డు లెక్కల్లో మిరపకాయ టిక్కీలెన్నో దొరుకుతాయి. మంట తగ్గేదాకా బిడ్డను ఎత్తుకోని తల్లి ఏ లెక్కలోనూ దొరకదు.

ఆ కుర్రాడు కొన్నాళ్ల తర్వాత మళ్లీ కలిశాడు. ఒక పేజీ చూపించాడు. అమ్మకు చదివి వినిపించాడట. ఆమె విని, "మజ్జిగ అని రాశావు, మజ్జిగ ఎక్కడిదిరా మనకి అప్పట్లో? ఎదురింటోళ్లని అడుక్కొచ్చింది" అన్నదట. ఆ వాక్యం కూడా చేర్చుకుని వచ్చాడు. ఇది కవిత్వమా అని ఈసారి అడగలేదు.